మైకు కన్నా ముందు గది: ఒడిశా సరిహద్దు తెలుగిళ్లలో పాటల రికార్డింగ్

ఇంట్లో పాట రికార్డు చేసుకుందామన్న సరదా పుట్టగానే ఎవరైనా ముందు అడిగేది ఏ మైకు కొనాలనే. బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా అదే ప్రశ్న. జవాబుగా హిందీలో, ఇంగ్లీషులో లెక్కలేనన్ని వీడియోలున్నాయి. వాటిలో చెప్పేది తప్పని కాదు. కానీ ఆ వీడియోలు తీసేవాళ్ల మనసులో ఉండే ఇల్లు వేరు: తలుపేస్తే చప్పుడు రాని గది, అందులో ఒక్కడే మనిషి, ముందు కంప్యూటరు. గంజాం, గజపతి జిల్లాల తెలుగిళ్లలో ఈ మూడూ ఒకచోట కుదరడం కష్టం. పల్లెల్లోనూ పట్నాల పాత పేటల్లోనూ చాలా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని, వీధిగుమ్మం నుంచి పెరటిదాకా గది వెనక గదిగా పొడుగ్గా సాగుతాయి. పక్కింటివాళ్లు మిక్సీ వేస్తే ఇక్కడ వినిపిస్తుంది. పాడేది కూడా చాలాసార్లు ఒక్కరు కాదు. శనివారం భజన చేసే నలుగురైదుగురు, హారతి పాట అందుకునే అత్తాకోడళ్లు. కాబట్టి ఈ ఇళ్లలో రికార్డింగ్ బాగోగులు తేల్చేది మైకు ధర కాదు. మైకు ఎంత దూరంలో ఉంది, ఏ గదిలో ఉంది, ఏ వేళప్పుడు ఆన్ చేశారు, ఇవీ అసలు లెక్కలు. డబ్బు సంగతి ఆ తర్వాత.

దూరంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు. మైకుకీ నోటికీ మధ్య ఎడం సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (చప్పుడుకి కొలత) పెరుగుతుంది. రెండడుగుల దూరంలో ఉన్నదాన్ని అర అడుగుకి తెస్తే 12 డెసిబెల్స్. ఫ్యాను, వీధిలో మోటారుసైకిలు, పక్కింటి టీవీ ఎక్కడివి అక్కడే ఉంటాయి కాబట్టి వాటి చప్పుడు పెరగదు. అంటే పాటకీ రొదకీ మధ్య 12 డెసిబెల్స్ తేడా ఊరికే దొరికినట్టు. మైకు మార్చి ఇంత లాభం పొందడం కష్టం. పైగా ఎదుటి నుంచి వచ్చేదాన్నే బాగా వినే కార్డియాయిడ్ మైకుకి దగ్గరగా పాడితే గొంతులో కింది భాగం బలపడుతుంది. డెబ్భై దాటిన పెద్దవాళ్ల గొంతు పీలగా ఉంటే ఈ గుణం బాగా పనికొస్తుంది. ఖంగుమనే మగగొంతుకి అదే ఎక్కువై మబ్బుగా వినిపిస్తుంది. దగ్గరగా పాడటంలో ఉన్న ఇంకో చిక్కు ప, బ, ఫ, భ పలికినప్పుడు మైకుని కొట్టే గాలి. ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి మైకు ముందు నాలుగు వేళ్ల ఎడంలో నిలబెడితే చాలామటుకు తగ్గుతుంది. మైకుని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి జరిపితే మిగిలింది కూడా పోతుంది.

కార్డియాయిడ్ మైకుకి వీపు వైపు చెవుడు. ఈ సంగతి వాడుకునేవాళ్లు తక్కువ. వీధి కిటికీ మైకు వీపు వైపుకి వచ్చేలా కూర్చోవాలి, అంటే పాడే మనిషి వీధికి ఎదురుగా కూర్చుంటారు. అప్పుడు మైకు చూసేది పాడేవాళ్లని, వాళ్ల వెనకున్న గోడని. ఆ గోడ మీదే బొంత వేలాడదీయాలి. మైకు వెనక బొంత కట్టి పాడేవాళ్ల వెనక సున్నం గోడ వదిలేస్తే పడిన కష్టంలో సగం వృథా.

ఇక గది. ఈమధ్య కట్టిన డాబా ఇళ్లలో పది బై పది గది మామూలు, ఎత్తు కూడా ఇంచుమించు పదడుగులే. రికార్డింగ్‌కి ఇంతకన్నా చెడ్డ కొలత లేదు. పదడుగులంటే 3 మీటర్ల పైచిల్లర. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆ గోడల మధ్య 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనలు) దగ్గర, దానికి రెట్టింపు 112 దగ్గర, ఇలా కొన్ని స్వరాలు చిక్కుకుని మోగుతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయితే ఆ మోత ఒకే స్వరం మీద మూడింతలు కూడుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగమనిషికి షడ్జం, అంటే స, దాదాపు 139 హెర్ట్జ్. దాని కింది మంద్రంలో ధైవతం, అంటే ద, 110కీ 117కీ మధ్య పడుతుంది. అంటే పాట కిందికి దిగి సరిగ్గా ధైవతం దగ్గరికి వచ్చేసరికి గది గుయ్యిమంటుంది. విన్నవాళ్లు గొంతు బాగాలేదనుకుంటారు, మైకు బాగాలేదనుకుంటారు, గదినెవరూ అనుమానించరు. నడిమధ్యన కూర్చుంటే 112 దగ్గరి ఈ రెండో మోత మరీ ఎక్కువ. గోడకి రెండున్నర, మూడడుగుల దూరంలో కూర్చుంటే చాలా తగ్గుతుంది. కుర్చీ జరిపితే సరిపోయేదానికి వేలు ఖర్చుపెట్టి సాఫ్ట్‌వేర్ కొనడం ఎందుకు?

పై స్వరాల బాధ వేరు. నున్నటి సిమెంటు గోడల మధ్య ఒకసారి చప్పట్లు కొట్టి వింటే "ట్రింగ్" మని తోక వినిపిస్తుంది. అదే తోక ప్రతి చకారానికీ, సకారానికీ అంటుకుంటుంది. దీనికి కోడిగుడ్ల అట్టలు అంటించే అలవాటు ఇంకా పోలేదు. వాటివల్ల బయటి చప్పుడు ఆగదు, లోపలి మోత పెద్దగా తగ్గదు. ఒక అంగుళం ఫోము కూడా పైపై స్వరాలనే మింగి గదిని ఇంకా మబ్బుగా చేస్తుంది. పాత చీరలతో కుట్టిన మందపాటి బొంతని గోడకి ఒక జానెడు ఎడంగా తాడు మీద వేస్తే ఈ రెండింటికన్నా నయం. ఆ జానెడు ఎడమే ముఖ్యం. వెనక గాలి ఉంటే బొంత ఇంకా కింది స్వరాలదాకా పనిచేస్తుంది. పొడుగు ఇళ్లలో అయితే అంత శ్రమ కూడా అక్కర్లేదు. వీధి గదికీ వంటగదికీ నడుమ, కిటికీ లేకుండా, పరుపులూ బట్టల మూటలూ బీరువాలూ పెట్టుకునే చీకటి గది ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎవరికీ నచ్చని ఆ గదే రికార్డింగ్‌కి సిసలైన గది. అటూ ఇటూ రెండేసి గోడలు అడ్డం, లోపలంతా గుడ్డ. మే నెలలో ఫ్యాను ఆపి అందులో రెండు పాటలు పాడటం మాత్రం తపస్సే. గంజాం తీరంలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఒక్కో పల్లవికీ తలుపు తీసి గాలి పీల్చుకుంటారు.

వేళ సంగతి ఇంటింటికీ మారుతుంది. పొద్దున గుడి మైకు, తర్వాత కుక్కర్లు, మధ్యాహ్నం కాకులు, సాయంత్రం సీరియళ్లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. రెండేళ్లకోసారి అమ్మవారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు ఆ నియమం సంగతి బరంపురం వాళ్లకి చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో రాత్రి పది దాటాక వీధి సద్దుమణుగుతుంది, కాకపోతే అప్పటికి గొంతు అలిసిపోయి ఉంటుంది, కుక్కలు మొదలవుతాయి. అన్నిటికన్నా మంచి వేళ ఒకటుంది, దాన్నెవరూ వేళగా లెక్కపెట్టరు. అదే కరెంటు పోయిన గంట. ఫ్రిజ్జు, ఫ్యాను, మోటారు, పక్కింటి టీవీ అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఎర్త్ సరిగా లేని పాత వైరింగ్ వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యి కూడా ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ మోగకుండా, ఎదురింటివాళ్లు జనరేటర్ వేయకుండా ఉండాలి, అంతే. కరెంటు ఉన్నప్పుడు కూడా చార్జరు పీకేసి రికార్డు చేసి చూస్తే ఆ గుయ్యి ఎక్కడినుంచి వస్తోందో తెలిసిపోతుంది.

ఇంత జరిగాకే సామాను. చప్పుడు ఉన్న ఇంటికి డైనమిక్ మైకు మంచిదని అందరూ అంటారు. కారణం మాత్రం తప్పుగా చెబుతారు. డైనమిక్ మైకు రొదని గుర్తుపట్టి వదిలేయదు. దాన్ని పెదాల దగ్గర పెట్టి పాడితే తప్ప సరిగా వినపడదు కాబట్టి వాడేవాళ్లు దగ్గరగా పాడతారు, రొద దానంతటది వెనకబడుతుంది. 1966 నుంచి వేదికల మీద కనిపించే ష్యూర్ ఎస్ఎం58 ఈ రకమే. కండెన్సర్ మైకు సున్నితం. తంబుర, వీణ, మెల్లగా తీసే కూనిరాగం బాగా పట్టుకుంటుంది, దానికి 48 వోల్టుల కరెంటు మైకుని కంప్యూటరుకి కలిపే ఇంటర్‌ఫేస్ నుంచి అందాలి. గోపాలపురం, ఛత్రపురం లాంటి తీరపు ఊళ్లలో దానికి ఇంకో ఇబ్బంది ఉంది. గాలిలో తేమ పట్టేస్తే చిటపటలాడుతుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కి బెంగ అక్కర్లేదు. ఆడాసిటీ 2000 నుంచీ ఉచితంగా దొరుకుతోంది, రీపర్ 60 రోజులు వాడి చూశాక కొనుక్కోవచ్చు. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టుకుంటే గెయిన్, అంటే మైకు మోతాదు, పెంచాలన్న టెన్షన్ ఉండదు. 16 బిట్‌కి సుమారు 96 డెసిబెల్స్ వెసులుబాటు ఉంటే 24 బిట్‌కి లెక్క ప్రకారం 144. కాబట్టి గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 12 దాటకుండా చూసుకుని తర్వాత పెంచుకోవచ్చు. ఒకసారి సున్నా దాటి పగిలిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

ఫోనే చాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ ప్రాంతంలో సంగీతం నేర్చుకునే పిల్లలు చాలామంది గురువుల కోసం విజయనగరం వైపే చూస్తారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, రాయగడ నుంచి నేరుగా రైలుంది. ఇప్పుడు పాఠం ఫోన్లో, సాధన పంపడం వాట్సాప్‌లో. తంబుర యాప్ పెట్టుకుని పాడిన పాట అటు చేరేసరికి తంబుర మాయమై గొంతొక్కటే, అదీ తెగుతూ తెగుతూ వినిపిస్తుంది. ఇందులో పిల్లల తప్పు లేదు. ఫోన్లలో చప్పుడు తగ్గించే ఏర్పాటు మాటలకోసం చేసింది. మాట ఆగుతూ వస్తుంది, ఫ్యాను ఆగకుండా మోగుతుంది కాబట్టి ఆగకుండా మోగేదాన్ని తీసేయమని దానికి నేర్పారు. తంబుర చేసే పని కూడా ఆగకుండా మోగడమే. సాగదీసిన షడ్జం కూడా ఒక్కోసారి ఈ కత్తెరకి బలవుతుంది. రికార్డర్ యాప్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపేయాలి, ఫైలు కుదించని వేవ్ రూపంలో తీసుకోవాలి, వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. వాయిస్ మెసేజ్ మాటకి సరిపడేంత కుదించి పంపుతుంది, డాక్యుమెంటు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒకే చానెల్ అయితే నిమిషానికి 9 ఎంబీ లోపే. ఐదు నిమిషాల పాటైనా 45 ఎంబీ దాటదు.

ఫోనులో ఇంకో ఉచ్చు బ్లూటూత్. కరావోకే ట్రాకు చెవిలో వింటూ పాడేవాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. వైరు హెడ్‌ఫోన్లతో, 256 శాంపిళ్ల బఫరు (ధ్వనిని కాసేపు ఆపి పంపే సంచి) పెట్టుకుంటే ఆలస్యం 5 మిల్లీసెకన్ల పైచిల్లర, వచ్చే దారీ పోయే దారీ కలిపినా దానికి రెండింతలకి కాస్త ఎక్కువ. గదిలో ఆ చివరన కూర్చుని వాయించే మనిషి వాద్యం చేరడానికి పట్టేంత సేపే. బ్లూటూత్‌లో అది తేలిగ్గా 150, 200 మిల్లీసెకన్లు అవుతుంది. నిమిషానికి 80 దెబ్బల లయలో, దెబ్బకి నాలుగు స్వరాల లెక్కన పాడితే ఒక్కో స్వరం 187 మిల్లీసెకన్లే. అంటే చెవికి ట్రాకు ఒక స్వరం ఆలస్యంగా చేరుతుంది, దాన్నిబట్టి పాడిన గొంతు రికార్డులో ట్రాకుకి ఒక స్వరం వెనకబడుతుంది. తాళం రాదని పిల్లల్ని తిట్టేముందు చెవుల్లో ఏముందో చూడాలి.

అందరూ ఒకేసారి పాడే భజనకి యూట్యూబ్ పాఠాలు పూర్తిగా పక్కదారి పట్టిస్తాయి. ముందు లయకి టిక్కుటిక్కుమనే క్లిక్ ట్రాక్, తర్వాత హార్మోనియం, తర్వాత మృదంగం, చివర గొంతు, ఒక్కొక్కటి విడిగా తీసి కలపమంటాయి. ఒక పాటని ఒక్కరే పేర్చుకునే కీబోర్డు కుర్రాడికి ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. భజనలో లయ ఎవరి సొత్తూ కాదు. చరణం చివర అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కాస్త వేగం పెంచుతారు, తాళాలు దాన్ని అందుకుంటాయి. క్లిక్ పెడితే మొదట చచ్చేది అదే. ఇలాంటి బృందానికి ఒక్క మైకు చాలు, దూరాలే మిక్సింగ్. ముందు గొంతు రెండడుగుల దూరాన, వంత గొంతులు నాలుగడుగుల దూరాన అర్ధచంద్రంగా, హార్మోనియం గాలి తిత్తి మైకు వైపు కాకుండా తిప్పి పక్కన, మృదంగం ఆరేడడుగులు వెనక, తాళాలు ఇంకా వెనక. తాళాలు వేసే ఆయన ముందు కూర్చుంటానంటాడు, ఒప్పుకోకూడదు. ఒక నిమిషం తీసి వినాలి, ఎక్కువ వినిపించేవాళ్లని ఒక అడుగు వెనక్కి జరపాలి, మళ్లీ వినాలి. ఇదేం కొత్త కిటుకు కాదు. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటని గ్రామఫోను రికార్డుకోసం కొమ్ములో పట్టినప్పుడూ చేసింది ఇదే, ట్రాకులు రాకముందు సినిమా పాటలకి గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చున్నప్పుడూ చేసింది ఇదే. తర్వాత కీబోర్డు కలపాలనుకుంటే మాత్రం హార్మోనియం శ్రుతి ముందే ట్యూనర్ యాప్‌లో చూసి రాసుకోవాలి. పాత హార్మోనియంలు కీబోర్డుతో అచ్చంగా కలవవు. కీబోర్డునే సెంట్లలో (అర స్వరంలో నూరో వంతుల్లో) జరిపి దానికి కలపాలి.

సరిహద్దు ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు మైకు ముందున్న కాగితంలో ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. అందువల్ల తెలుగు పాటని ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడే పిల్లలు, నడివయసు వాళ్లు ఇక్కడ కనిపిస్తారు. ఒడియా లిపిలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం, ఒ, ఓ లకి ఒకటే. నోటికి వచ్చిన పాటైతే ఫరవాలేదు, చెవి సరిదిద్దుతుంది. కాగితం చూసి కొత్తగా నేర్చుకున్న పాటలో "కొడి" అనాల్సిన చోట "కోడి" పడుతుంది, దీపం కొడి కాస్తా పెరటి కోడి అవుతుంది. అకారం కూడా ఒడియా పలుకుబడిలో ఒకారం వైపు ఒరుగుతుంది. గుడిలో నలుగురితో కలిసి పాడితే ఎవరికీ తెలియదు, అర అడుగు దూరంలో ఉన్న మైకుకి తెలుస్తుంది. కాగితం మీద దీర్ఘం పలకాల్సిన ప్రతి ఏ, ఓ పైనా ఒక గీత పెట్టుకుంటే చాలు. ఇక యాసని మాత్రం దిద్దకపోవడమే మేలు. పర్లాకిమిడి తెలుగు పర్లాకిమిడి తెలుగులా వినిపించాలి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు అది.

ఆ యాసతో పాడే ముసలివాళ్ల పాటలకి పైన చెప్పిన పద్ధతుల్లో సగం పనికిరావు. అప్పగింతల పాటలు, లాలి, దంపుడు పాటలు ఇళ్లలో ఇంకా ఇద్దరు ముగ్గురికి వచ్చు. వాళ్లని చీకటి గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించి "ఇప్పుడు పాడు మామ్మా" అంటే గొంతు పెగలదు. వంటింట్లో బియ్యం ఏరుకుంటూ పాడే మనిషి దగ్గరికే మైకు వెళ్లాలి, చేటలో గింజల చప్పుడు పడినా పడనీ. తంబుర పెట్టకూడదు. తోడు లేకుండా పాడేవాళ్లు నాలుగు చరణాలకి అర స్వరం పైకో కిందకో జారుతారు, అది వాళ్ల పాట నడక. తర్వాత శ్రుతి దిద్దే ఆటోట్యూన్ వేసి నిలబెట్టాలన్న ఆశ కూడా మానుకోవాలి. అది ప్రతి స్వరాన్నీ దగ్గర్లోని మెట్టు మీద నిలబెడుతుంది, గమకం, అంటే స్వరం ఊగే ఊపు, ఉండేదేమో మెట్లకి మధ్యన. పాటయ్యాక మైకు ఆపేయకుండా ఎవరు నేర్పారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో పాడేవారు అని అడిగి అదీ రికార్డు చేయాలి. పదేళ్ల తర్వాత పాటకన్నా ఆ రెండు నిమిషాలకే ఎక్కువ విలువ ఉండొచ్చు.

తీసినవి దాచుకోవడం దగ్గర తీరం వాళ్లు అదనంగా జాగ్రత్తపడాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ గజపతి జిల్లాని ముంచింది. ఒకే బీరువాలో లాప్‌టాపూ హార్డ్‌డిస్కూ కలిపి పెడితే రెండు కాపీలున్నా ఒకటున్నట్టే. ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉండాలి.

చివరిగా, పాట నెట్‌లో పెట్టేవాళ్లు గుమ్మం దగ్గర తట్టుకునే రాయి ఒకటి. పాటకి హక్కు రచయితకి వేరు, బాణీకి వేరు, రికార్డింగ్‌కి వేరు. మన దేశంలో రచనకీ బాణీకీ కర్త పోయాక 60 ఏళ్లు, రికార్డింగ్‌కి విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో పోయారు, కాబట్టి ఆయన కృతి ఇంట్లో పాడి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నమయ్య సాహిత్యానికీ అంతే. కానీ ఇప్పుడు పాడుకుంటున్న అన్నమయ్య బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. వాటిలో ఎన్నో కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పోయింది 1979లో. పదం స్వేచ్ఛగా ఉన్నా బాణీ ఉండకపోవచ్చు. సినిమా పాటకి కరావోకే ట్రాకు వాడితే ఆ ట్రాకు చేసినవాళ్ల హక్కు కూడా కలుస్తుంది. చట్టప్రకారం కవర్ వెర్షన్, అంటే వచ్చిన పాటనే మళ్లీ పాడి రికార్డు, తీయాలంటే మొదటి రికార్డింగ్ వచ్చి ఐదేళ్లు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. హాబీగా పాడుకునేవాళ్లకి అది కుదిరే పని కాదు. అందుకే చాలామంది పెట్టేసి చూస్తారు. యూట్యూబ్ యంత్రం గుర్తుపడితే ప్రకటనల డబ్బు హక్కుదారుకి పోతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. మామ్మ పాడిన అప్పగింతల పాటకి ఇవేవీ ఉండవు. అక్కడ అడగాల్సింది మామ్మనే. పాడినవాళ్లకి తమ గానం మీద 50 ఏళ్ల హక్కుందని అదే చట్టం చెబుతోంది. ఊరందరికీ వినిపిస్తానంటే ఆవిడ వద్దంటే ఆ ఫైలు ఇంట్లోనే ఉండాలి.